నిప్పుల కొండే... అమ్మ ఒడి!

అగ్నిపర్వతం రాజుకుందంటే ఎవరైనా ఏం చేస్తారు... పిల్లాజెల్లాతో దూరంగా పారిపోతారు. ఇటలీలోని సిసిలీ దీవి వాసులు మాత్రం బూడిద కురుస్తుంటే గొడుగేసుకుని బజారుకెళతారు. తర్వాత చీపురు పట్టుకుని డాబా మీది బూడిదంతా ఊడ్చుకుంటారు. ఎందుకంటే వాళ్లకు ఎట్నా భయపెట్టే కొండ మాత్రమే కాదు, అన్నం పెట్టే అమ్మ కూడా!

ఐరోపాలోని క్రియాశీల అగ్నిపర్వతాల్లో ఎత్తైనది ఎట్నా. 3,300 మీటర్లకు పైనే ఉండే దీని ఎత్తు లావా ఎగజిమ్మినప్పుడల్లా కాస్త పెరుగుతూ, శిఖరం విరిగిపడితే తరుగుతూ ఉంటుంది. 2013లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మాత్రం పేరు పెట్టి పిలవడం తక్కువే. 'కొండ' అన్నారంటే అది ఎట్నాయే!

నల్లరాతి నగరం

కొండ కింద ఉన్న పెద్ద నగరం కటానియా. 1669లో లావా పొంగుకొచ్చి నగరంలో కొంత భాగాన్ని ముంచేసింది. 24 ఏళ్లకే, 1693లో వచ్చిన భూకంపం ఊరిని నేలమట్టం చేసింది. అయినా జనం ఊరొదిలి పోలేదు. కొండ పోసిన నల్లరాతితోనే భవనాలూ వీధులూ మళ్లీ కట్టుకున్నారు. ప్రధాన కూడలిలో ఠీవిగా నిల్చున్న ఏనుగు విగ్రహమూ లావారాతిదే. నగర చిహ్నం కూడా అదే. ఇక, ఊరిని కాపాడే దేవత సెయింట్ అగాథా. 1886లో లావా నికొలోసీ ఊరి దాకా వచ్చినప్పుడు ఆమె మేలిముసుగును ఎదురు తీసుకెళితే ప్రవాహం ఆగిపోయిందని భక్తుల నమ్మకం. ఏటా ఫిబ్రవరి మొదటివారంలో జరిగే ఆమె ఉత్సవాలకు నగరమంతా కదిలివస్తుంది.

లావాలో పిస్తా

ఆదిలాబాద్ వైపు కనిపించే నల్లరేగడి ఎప్పుడో లావారాయి చివికి ఏర్పడిందే. ఎట్నా చుట్టూ ఆ పని ఇప్పటికీ జరుగుతూనే ఉంది. ఆ మట్టిలోనే ద్రాక్ష, నారింజ తోటలు విరగకాస్తాయి. బ్రోంటే ఊళ్లో అయితే పిస్తా చెట్లు లావారాళ్ల సందుల్లోనే వేళ్లూనుకుంటాయి. రెండేళ్లకోసారి కోసే ఆ పచ్చని పప్పుకి ఎంతో గిరాకీ. సిసిలీవాళ్లు ఇష్టంగా తినే చల్లని గ్రనీటాకీ ఒకప్పుడు ఈ కొండ మంచే ఆధారం. చలికాలంలో మంచుని గుహల్లో దాచి వేసవిలో అమ్మేవారు.

మంచు మీద ఆటలు

చలికాలంలో ఇక్కడ మంచు మీద స్కీయింగ్ చేస్తూ కిందనున్న నీలి సముద్రాన్ని చూడొచ్చు. వేసవిలో నడక, సైకిల్ యాత్రలు. దక్షిణం వైపు కేబుల్ కారెక్కితే 1,900 మీటర్ల నుంచి 2,500 మీటర్ల ఎత్తుకి చేరుస్తుంది. అంత ఓపిక లేనివాళ్లు కొండను చుట్టివచ్చే చిన్న రైలెక్కి, దాదాపు 110 కిలోమీటర్ల దారిలో తోటల్నీ లావా మేటల్నీ చూస్తూ కూర్చోవచ్చు.

అలాగని కొండని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. 1928లో మస్కాలి పట్టణాన్ని లావా కప్పేసింది. 2002లో పియానో ప్రొవెన్‌జానాలోని హోటళ్లనూ స్కీ కేంద్రాన్నీ మింగేసింది. 2025 జూన్ 2న ఒక్కసారిగా బూడిదమేఘం ఎగసిపడటంతో పర్యటకులు పరుగులు తీశారు, అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. శిఖరం వైపు వెళ్లేవారికి గైడ్ల అవసరం అందుకే.

మస్కాలిని మరోచోట కట్టుకున్నారు. ప్రొవెన్‌జానాలో స్కీయింగ్ మళ్లీ మొదలైంది. కటానియాలోని ఓ పాత నగరద్వారం మీద లాటిన్‌లో చెక్కిన మాటకి అర్థం- 'బూడిదలోంచి మరింత మెరుగ్గా లేస్తాను' అని. కొండ ఒడిలో బతికేవారికి అది గోడమీది రాత కాదు, తరతరాల అలవాటు!