మా భాంజీ షాగిర్దీ

మగ్రిబ్ నమాజ్ చదువుకొని ఇంట్లో అడుగుపెట్టానో లేదో ఫోన్ మోగింది. లెస్టర్ నుంచి ఆపా. 2024 ఆగస్టు అది. ఎత్తగానే ఏడుపు. దుల్హాభాయ్‌కి ఏమన్నా అయ్యిందేమోనని నాకు కాళ్లు చల్లబడ్డాయి.

"నీ భాంజీ ముసలోళ్ల ఉచ్చలు, దొడ్డి ఎత్తే పనికి పోతుందంట రా. ఇందుకా మేం దేశం గాని దేశం వచ్చింది? నువ్వన్నా చెప్పు. పేపరోడివి, నీ మాట వింటుంది" అంది.

మా భాంజీ కర్నూల్లోనే పుట్టింది. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు ఆపా వాళ్లు ఇంగ్లాండు పోయారు. దుల్హాభాయ్ అక్కడ టాక్సీ నడుపుతాడు. పిల్ల ఫార్మసీ చదవాలని ఇంటిల్లిపాదీ ఆశ. ఆ నెలలో వచ్చిన ఎ-లెవెల్ మార్కులు సీటుకి చాలలేదు. మళ్లీ రాయమంటే, రాయను, ముసలివాళ్లు ఉండే కేర్ హోంలో అప్రెంటిస్‌గా చేరతానంది.

నేను వెంటనే ఫోన్ చేసి పెద్దమనిషి తరహాలో మాట్లాడాను. ఖాన్‌దాన్, ఇజ్జత్, రేపు రిష్తాలు వచ్చేటప్పుడు ఏం చెప్పుకోవాలి, అన్నీ తెచ్చాను. అది ఓపిగ్గా విని, "మామూ, ఇది ఊరికే నౌకరీ కాదు. జీతం ఇస్తూ నేర్పిస్తారు" అంది.

"అందులో నేర్చుకోవడానికి ఏముంది బేటీ?" అన్నాను.

ఆ మాట ఇప్పటికీ నా గొంతులో ముల్లులా ఉంది.

నాలాంటోడు అనాల్సిన మాట కాదు అది. నేను షాగిర్దీ ఎరిగిన మొహల్లాలో పెరిగినవాణ్ణి. ఉర్దూ మీడియం బళ్లో ఎండాకాలం సెలవులిస్తే మా ఈడు పిల్లల్ని ఊరికే తిరగనిచ్చేవాళ్లు కాదు. ఒకణ్ణి లారీ షెడ్డులో, ఒకణ్ణి రేడియో రిపేరు దుకాణంలో పెట్టేవాళ్లు. నన్ను అబ్బా ఒక దర్జీ దగ్గర వదిలారు. ఉస్తాద్ కత్తెర ముట్టుకోనిచ్చేవాడు కాదు. కాజాలు కుట్టు, గుండీలు వెయ్యి, చాయ్ పట్రా, అంతే. రెండు సెలవులు గడిచినా నా చేతికి గుడ్డ కోత రాలేదు. కాజాకే అంత తాలీమ్ కావాలని ఒప్పుకున్న మేము, మంచంలో ఉన్న మనిషిని పక్కకి తిప్పడానికి తాలీమ్ కావాలని ఎప్పుడూ అనుకోలేదు. అది ఆడవాళ్లకి పుట్టుకతో వస్తుందని మా నమ్మకం. వాళ్లని ఎవరూ అడగలేదు.

భాంజీ మా ఎవరి మాటా వినలేదు. సెప్టెంబర్‌లో చేరింది. కోర్సు పేరు అడల్ట్ కేర్ వర్కర్, లెవెల్ 2. ముందు డీబీఎస్ అని పాత నేరాలేమన్నా ఉన్నాయా అని తనిఖీ చేశారు. అది తేలాకే లోపలికి రానిచ్చారు. వారంలో ఎక్కువ గంటలు హోంలో పని, కనీసం ఆరు గంటలు చదువు. ఆ ఆరు గంటలకీ జీతం ఉండేది. ఆ ఏడాది చట్టం ప్రకారం అప్రెంటిస్‌కి గంటకి కనీసం 6 పౌండ్ల 40 పెన్స్. 21 నిండిన మామూలు పనివాళ్లకి 11 పౌండ్ల 44. ఇది తెలిసినరోజు దుల్హాభాయ్, "దానికంటే నా టాక్సీ కడిగినా ఎక్కువొస్తుంది" అన్నాడు. జీతం విషయంలో ఆయన్ని నేను తప్పుపట్టను. అంత బరువైన పనికి అంత తక్కువ ఇవ్వడం ఆ దేశానికి కూడా షర్మ్ కలిగించాల్సిన సంగతే. ఖాళీలు చూస్తే తెలుస్తుంది: 2021–22లో ఒక్క ఇంగ్లాండులోనే ఈ రంగంలో లక్షా 65 వేల కొలువులు మనుషుల్లేక పడి ఉన్నాయి.

మొదటి వారాల్లో దాన్ని ఎవరినీ ఒంటరిగా ముట్టుకోనివ్వలేదు. పదిహేనేళ్లుగా ఆ పని చేస్తున్న ఒక జమైకా ఆవిడ వెనకాల నిలబడి చూడటమే. ఉస్తానీ దొరికిందన్నమాట. కొత్తగా చేరినవాళ్లు కేర్ సర్టిఫికెట్ అని అప్పట్లో 15 అంశాలు పూర్తిచేయాల్సి ఉండేది. అందులో ఒకటి మనిషి ఆబ్రూ, ఏకాంతం. ఒకటి తిండీ నీళ్లూ. ఒకటి మతిమరుపు జబ్బు. "మామూ, నీళ్లు తాగించడం మీద ఒక పాఠం ఉంది తెలుసా" అంటే నేను నవ్వాను. ముసలివాళ్లకి దాహం తెలియదనీ, నీళ్లు తగ్గితే ఉన్నట్టుండి తికమకపడి మాట్లాడతారనీ, దాన్ని ఇంట్లోవాళ్లు పిచ్చి అనుకుంటారనీ అది చెప్తే నవ్వు ఆగిపోయింది. మా దాదీ చివరి రోజుల్లో ఆమెకి ఆసేబ్ పట్టిందని తావీజు కట్టించిన ఇల్లు మాది. మాటిమాటికీ పక్క తడుపుతోందని రాత్రిళ్లు నీళ్లు ఇవ్వడం మానేసింది కూడా మేమే.

మీరు అడగబోయేది నాకు తెలుసు. గైర్ మర్దుల సంగతేంటి? ఆపా అడిగింది, నేనూ అడిగాను. పిల్ల ఇంటర్వ్యూలోనే చెప్పిందట, ఒళ్లు కడగడం, బట్టలు మార్చడం ఆడవాళ్లకే చేస్తానని. వీలైనంతవరకు అలాగే చూస్తామన్నారు. అక్కడ ఉండే ప్రతి మనిషికీ ఒక కేర్ ప్లాన్ రాసి ఉంటుంది. తనకి ఎవరు స్నానం చేయించాలో, మగవాళ్లా ఆడవాళ్లా, ఆ మనిషి చెప్పుకోవచ్చు. ఆ హోంలో ఒక గుజరాతీ ముసలామె ఉంది, 1972లో ఉగాండా నుంచి వెళ్లగొడితే కట్టుబట్టలతో లెస్టర్ వచ్చిన కుటుంబం. అందరూ బా అంటారు. ఆడపిల్లే కావాలని ఆమె కాగితంలో ఉంది. మతిమరుపు ముదిరి ఇంగ్లీషు మొత్తం పోయింది, గుజరాతీ ఒక్కటే మిగిలింది. మా పిల్ల ఉర్దూ ఆమెకి సగం అర్థమవుతుంది, ఆమె గుజరాతీ దీనికి సగం. ఆ రెండు సగాలతో పూట గడిచిపోతుంది. హిజాబ్‌కి అభ్యంతరం రాలేదు గాని, పనిలో ఉన్నప్పుడు మోచేతుల కింద బట్ట ఉండకూడదన్నారు, చేతులు శుభ్రంగా కడుక్కోవాలి గనక. దాని మీద ఆపా రెండు వారాలు మాట్లాడలేదు.

ఒకరోజు అది చెప్పిన సంగతి నాకు నిద్ర పట్టనివ్వలేదు. బాకి ఒళ్లు తుడిచేటప్పుడు, తుడిచే చోటు మాత్రమే తెరిచి, మిగతా ఒళ్లంతా తువాలు కప్పి ఉంచాలట. ఒక చెయ్యి తుడవడం, కప్పడం, మళ్లీ రెండో చెయ్యి. విన్నప్పుడు నాకు ఎక్కడో చూసినట్టే అనిపించింది. మయ్యత్‌కి గుస్ల్ ఇచ్చేటప్పుడు మన పద్ధతి అదే కదా. బొడ్డు నుంచి మోకాళ్లదాకా గుడ్డ కప్పి, దాని కిందనుంచే కడుగుతాం. సత్ర్ తెరవం. చనిపోయాక ఇచ్చే ఆ పర్దాని, మా అమ్మీ బతికుండగా ఆమెకి ఎవరన్నా ఇస్తున్నారా అని అప్పుడు మొదటిసారి ఆలోచించాను.

అమ్మీ నా దగ్గరే ఉంటుంది. 2023 చలికాలంలో ఫాలిజ్ వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట కూడా పోయింది. షుగర్ ఎప్పట్నుంచో ఉంది. నేను అమ్మీని చూసుకుంటున్నానని ఊరంతా అనుకుంటుంది. చూసుకునేది నా భార్య. పగటిపూట సాయానికి ఒక ఆయా. అమ్మ కాళ్ల కింది జన్నత్ గురించి జుమ్మా బయాన్‌లో వచ్చినప్పుడల్లా తల ఊపేవాణ్ణి. ఆ కాళ్లని మాత్రం సరిగా చూసింది లేదు.

జనవరిలో ఒక ఆదివారం భాంజీ వీడియో కాల్‌లో, "మామూ, ఫోన్ నానీ కాళ్ల దగ్గరికి తీస్కపో" అంది. మడమలు చూపించమంది. "మన రంగు ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనపడదు మామూ. వేలుతో తడుము. పక్క చర్మంకంటే వేడిగా ఉందా, గట్టిగా ఉందా చెప్పు." ఎడమ మడమ మామూలుగా ఉంది. కుడి మడమ వేడిగా, గట్టిగా తగిలింది. నా వేలు అక్కడే ఆగిపోయింది.

మంచంలో కదలని మనిషికి ఎముక పైకి తేలే చోట పుండు పడుతుందట. మడమలు, నడుం కింది ఎముక, తుంటి. షుగర్ ఉంటే మరీ. ఇంట్లో మేము చేస్తున్నదేమో, ఆ చోట నూనె రాసి గట్టిగా రుద్దడం. "రుద్దొద్దు, రుద్దితే లోపల ఇంకా చెడిపోతుంది" అని పెద్దగా అరిచింది పిల్ల. పిక్కల కింద దిండు పెట్టి మడమ గాల్లో తేలేలా చేయించింది. పక్క మీద ఈడ్చకూడదు, ఈడిస్తే చర్మం గీరుకుపోతుంది, ఇద్దరు పట్టుకొని కింది దుప్పటితో సహా జరపాలి. రాత్రిపూట కూడా రెండు గంటలకోసారి కర్వట్ మార్చాలి. మర్నాడు డాక్టర్ వచ్చి చూసి, ఇంకా చర్మం తెగలేదు, టైముకి చూశారు అన్నాడు. ఎవరు చూశారో నేను చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

ఆ కాల్‌లోనే ఇంకొకటి జరిగింది. దిండు సర్దుతూ ఫోన్ కిటికీలో పెట్టాను. "ఆ గ్లాసు ఎందుకు అక్కడ విడిగా ఉంది?" అంది పిల్ల. ఆయా గ్లాసు. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో మాకే గుర్తులేదు. ఒకే సఫ్‌లో నిలబడి నమాజ్ చదివే మా ఇంట్లో, మా అమ్మీని కడిగే చేతులకి వేరే గ్లాసు. నా భార్య లేచి వెళ్లి దాన్ని మిగతా గ్లాసుల్లో కలిపేసింది. ఆయా రెండు రోజులు ఏ గ్లాసు తీసుకోవాలో తెలియక నీళ్లు అడిగి తాగింది.

ఉర్దూ బడి నుంచి వచ్చి డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి, మాటలతో బతికేవాణ్ణి. ఈ పనికి తెలుగులో పేరు వెతికితే సంరక్షకురాలు అని వస్తుంది, ప్రభుత్వ జీవో వాసన. ఆయా అంటే అందులో చులకన. ఉర్దూలో తీమార్‌దారీ అని చక్కటి మాట ఉంది. రోగి దగ్గర కూర్చుని సేవ చేయడం. అయితే ఆ మాటని మేము ఎప్పుడూ బంధువులకే వాడాం, జీతానికి చేసేవాళ్లకి వాడలేదు. భాంజీని అడిగితే, "కేర్ వర్కర్ అను మామూ, అందులో షర్మ్ ఏముంది" అంది.

ఈ ముచ్చట చెప్పగానే మా వీధిలో అడిగేది ఒకటే, మావాడికి కూడా ఇప్పించు అని. జాగ్రత్తగా వినండి. ఈ అప్రెంటిస్‌షిప్ అక్కడ పనిచేసే హక్కుండి, మామూలుగా మూడేళ్లన్నా ఆ దేశంలో ఉన్నవాళ్లకే. స్టూడెంట్ వీసా మీద పోయినవాళ్లకి కాదు. కేర్ వర్కర్లకి 2022 ఫిబ్రవరిలో వీసా తలుపు తెరిచారు. 2024 మార్చి 11 నుంచి భార్యాబిడ్డల్ని తీసుకుపోవడం ఆపేశారు. 2025 జూలై 22 నుంచి బయటి దేశాలవాళ్లని కొత్తగా తీసుకోవడమే బంద్. మా వీధిలో ఒకబ్బాయి 2023లో ఏజెంటుకి ఇంటి కాగితాలు తాకట్టు పెట్టి డబ్బు కట్టాడు. అక్కడికి పోతే ఆ కంపెనీలో పనే లేదు. ఇప్పుడు ఎవరన్నా తెరిచే ఉందని చెప్తే నమ్మకండి.

భాంజీ కోర్సు పోయిన చలికాలంలో అయిపోయింది. చివర్లో బయటి సంస్థవాళ్లు వచ్చి పరీక్షించారు, పాసయ్యింది. ఇప్పుడు లెవెల్ 3కి పోతానంటోంది. ఆపా మెత్తబడింది. దుల్హాభాయ్ మస్జిద్‌లో ఎవరన్నా అడిగితే ఇంకా "హాస్పిటల్ లైన్‌లో ఉంది" అనే చెప్తాడు. పొద్దున ఆరున్నరకి డ్యూటీ దగ్గర దింపేది మాత్రం ఆయనే.

ఇక్కడ రాత్రి రెండు గంటల అలారం నాది. పగలు నా భార్యది, ఆయాది. మొదట్లో నేను లేచి, నిద్రమత్తులో అమ్మీని తిప్పేసి మళ్లీ పడుకునేవాణ్ణి. పిల్ల ఒకసారి అడిగింది, "తిప్పేముందు నానీకి చెప్తున్నావా?" అని. మాట రాని మనిషికి చెప్పేదేంటి అన్నాను. "మాట రానిది నానీకి మామూ, నీకు కాదుగా" అంది.

ఆ రాత్రి లైటు వేసి, పక్కన కూర్చుని, "అమ్మీ, కర్వట్ మారుస్తాను, సరేనా?" అన్నాను. అడిగాక ఏం చేయాలో తెలియక కాసేపు అలాగే ఉన్నాను. అమ్మీ నా మొహం వైపు చూసింది. పెదవి ఎడమపక్క కొంచెం కదిలింది.

"హౌ" అంది.