పట్టుచీర బొంత

ఏం వదినా, కత్తెర పట్టుకోని నిలబడినావు, అది మీ అత్త పట్టుచీరే గదా? మనవరాలికి బొంత కుడతావా? కుట్టు, ఎవరొద్దన్నారు! ముందు ఆ మడతల దగ్గర మెల్లగా లాగి చూడు. ఏండ్లతరబడి బీరువాలో ఒకే మడతలో ఉన్న పట్టు ఆ గీత వెంబడే చిట్లుతాది. చిట్లినచోట నువ్వు ఎంత బాగా కుట్టినా నిలవదు. ఆ ముక్క తీసెయ్.

అసలు పట్టేనా అని అనుమానముంటే ఒక పోగు తీసి అగ్గిపుల్లకు చూపించు. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసనొస్తాది, బూడిద వేళ్లమధ్య నలుగుతాది. పాలిస్టరయితే కరిగి గట్టి ఉండ కడతాది.

మనం నూలుచీరలు నాలుగు పొరలేసి లావుసూదితో కుట్టినట్ల దీన్ని కుట్టకూడదు. పట్టులో సూది దిగిన బెజ్జం మళ్లీ పూడదు. మిషన్ మీదైతే పదకొండో నంబరు సూది వెయ్, పదహారు పెట్టి గుచ్చొద్దు. గుండుసూదులు కూడా కుట్టులోపలికి పోయే అంచులోనే. మా చెల్లెలు షిఫాన్ జారిపోతాదని ఏడుస్తాంటే కింద పల్చటి తెల్లకాయితం పెట్టి కుట్టమన్నా, కుట్టినాక చించేస్తే సరి. న్యూస్‌పేపర్ మాత్రం పెట్టొద్దు, సిరా అంటుకుంటాది.

లోపలికి దూదా? ఆదోనిలో ఉండి దూదికేం కరువు, ఇంత పెద్ద పత్తి మార్కెట్టు, ఇన్ని జిన్నింగు మిల్లులు! అయినా పట్టుకింద విడిదూది నాకిష్టం లేదు. అది కదలకుండా ఉండాలంటే కుట్లు దగ్గర దగ్గరగా వేయల్ల, అన్ని కుట్లకు పాతపట్టు తట్టుకోదు. మెత్తబడిన నూలుచీర ఒక్కటి పరువు, చాలు.

అడుగుకు మాత్రం ఎమ్మిగనూరు చేనేత దుప్పటి తెప్పించు, మీ తమ్ముడు అక్కడే ఉన్నాడు గదా. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టి ఆ ఊరి మగ్గాలకు ఆసరా అయినాడు, 1954లో పద్మశ్రీ కూడా ఇచ్చినారు. మా అమ్మ ఆ దుప్పట్లు తప్ప ఇంకోటి పరిచేది కాదు. కొన్నాక దాన్ని ఒకసారి తడిపి ఆరేసినాకనే కోయల్ల. లేకుంటే బొంత తడిసిన మొదటిసారే నూలు కుదించుకుంటాది, పట్టు అంత కుదించుకోదు, పైనంతా ముడతలు. గద్వాల చీర చూడు, ఒళ్లు నూలు, అంచు పట్టు. రెంటినీ ఒకే చీరలో కలపాలంటే నేసేవాళ్లకు ఎంత లెక్క ఉండల్లనో!

ముందు పొరలన్నీ కలిపి చేత్తో పెద్ద పెద్ద టాకాలు వెయ్, నడిమి నుంచి అంచులకు. అంచునుంచి మొదలుపెడితే నడుమ బుడగ లేస్తాది. ఉతకాల్సొస్తే కుంకుడురసంలో ముంచి, పిండకుండా నీడన ఆరేయి.

జరీ అంచు మాత్రం బొంతలో పెట్టొద్దు, తెగిన పోగు పసిబిడ్డ బుగ్గకు గుచ్చుకుంటాది. అట్లని పారేసేవు సుమా! పాతకాలం జరీలో వెండి ఉంటాది, కొనేవాళ్లుండారు. మొదట అడిగినవాడికే ఇచ్చెయ్యొద్దు, ఇద్దరు ముగ్గురికి చూపించి అప్పుడు బేరమాడు.