తెర వెనక మనిషికి తార దొరికితే...

గుడివాడలో బస్సు దిగితే చాలు, నన్ను ఎరిగినవాళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే. "ఫలానా హీరో నీకు తెలుసుటగా? మాట్లాడతాడా?"

నేను హైదరాబాదులో టీవీ సీరియళ్ళకి కంటిన్యుయిటీ రాస్తాను. పొద్దున తీసిన సీనులో హీరోయిన్ చేతికి ఎన్ని గాజులున్నాయి, బొట్టు ఏ రంగుది, హీరోగారి చొక్కా పైగుండీ పెట్టి ఉందా, తీసి ఉందా... ఇవన్నీ పుస్తకంలో రాసుకోవడం నా పని. మిగతా సగం సీను నాలుగు రోజుల తరువాత తీస్తారు మరి! అప్పుడు గుండీ తేడా వచ్చిందంటే అక్షింతలు నాకే. ఇదంతా చెప్పబోతే ఎవరికీ పట్టదు. వాళ్ళకి కావలసింది గుండీ కాదు, హీరో!

బందరులో మా అక్కయ్య కూతురు డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. "పిన్నీ! చదువు మానేసి వచ్చేస్తాను. నీ దగ్గర ఏదైనా పని ఇప్పించు. రోజూ హీరోలు కనపడతారు. ఏమో, ఎవరి మనసు ఎప్పుడు ఎలా మారుతుందో!" అంటోంది. నవ్వుతూనే అంటోంది గానీ, దాని కళ్ళు మాత్రం నవ్వడం లేదు.

నాకూ తెలుసు ఆ కళ్ళ సంగతి. కొత్తలో ఒక పేరున్న నటుడు నా పక్కనుంచి వెళుతూ, "భోంచేశావా అమ్మాయ్?" అన్నాడు. గుండె ఝల్లుమంది! అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆ మధ్యాహ్నం ఆయన లైటుబాయ్‌నీ అడిగాడు, డ్రైవర్‌నీ అడిగాడు. మంచివాడు పాపం, అందరినీ అడుగుతాడు.

అయితే తెర వెనక మనిషిని తార ప్రేమించడం అసలు జరగనే జరగదా? ఎందుకు జరగదూ! మన తెలుగు సినిమాలోనే జరిగింది. అదీ టీవీ పుట్టకముందు, అబ్బాయీ అమ్మాయీ తారుమారై! అక్కడ తార ఆమె. తెర వెనక మనిషి ఆయన.

ఆమె భానుమతి. ఒంగోలు దగ్గర దొడ్డవరం పిల్ల. 1939లో 'వరవిక్రయం'తో తెరమీదికి వచ్చింది. 'కృష్ణప్రేమ'లో నటిస్తున్నప్పుడు ఆ సినిమాకి అసిస్టెంటు డైరెక్టరుగా పనిచేస్తున్న పి.ఎస్. రామకృష్ణారావు మీద మనసు పడింది. అసిస్టెంటు డైరెక్టరంటే ఎవరనుకున్నారు? సెట్లో అందరి పనీ చేసి, పేరు మాత్రం చివర్లో కనపడే మనిషి. ఆమె ఇంట్లో పెద్దలు మొదట ఒప్పుకోలేదు. ఆమె పట్టు వదల్లేదు. 1943 ఆగస్టు 8న పెళ్ళయింది.

ఇక్కడితో ఆపేస్తే అది సినిమా. తరువాతిదే జీవితం.

పెళ్ళి కాగానే ఆమె సినిమాలు వద్దనుకుని సంసారంలో పడింది. మళ్ళీ పిలుపొచ్చి, 1945లో 'స్వర్గసీమ' విడుదలైతే ఆంధ్రదేశమంతా ఆమె పాటే! భర్త ఇంకా పైకి రాలేదు, భార్య మాత్రం ఆకాశంలో ఉంది. ఎన్ని కాపురాలు ఇలాంటి చోట బీటలు వారలేదు! వీళ్ళేం చేశారో తెలుసా? కొడుకు భరణి పేరుమీద కంపెనీ పెట్టి ఇద్దరూ కలిసి పనిలోకి దిగారు. ఆయన డైరెక్టరు, ఆమె హీరోయిన్. 'రత్నమాల' వచ్చింది. 1949లో 'లైలా మజ్ను' వచ్చింది.

మా అమ్మమ్మది అవనిగడ్డ. 'లైలా మజ్ను' గురించి చెప్పేటప్పుడు మజ్నూని ఏనాడూ పేరుపెట్టి అనేది కాదు. "మన గుడివాడ వైపు అబ్బాయే" అనేది. రామాపురంలో పుట్టి, నాటకాల్లో ఆడవేషాలు కట్టిన అక్కినేని నాగేశ్వరరావుగారు మరి! మా దివిసీమ ఆడవాళ్ళు ఆ జంటను చూసి కళ్ళు ఒత్తుకున్నారు. నాకు మాత్రం కెమెరా పక్కన నిలబడ్డ మూడో మనిషే గుర్తొస్తాడు. తన భార్య ఇంకొకరి కోసం విలపిస్తోంటే, ఆ కన్నీరు చాలిందో లేదో చెప్పవలసినవాడు ఆయనే కదా! ఎంత నిబ్బరం ఉండాలి?

నిబ్బరం ఆయన ఒక్కడికే ఉంటే చాలదు. 1953లో 'చండీరాణి'కి భానుమతి స్వయంగా దర్శకత్వం వహించింది. మూడు భాషల్లో! ఆయన కుర్చీలో ఆమె కూర్చుంది. మరుసటి ఏడు 'విప్రనారాయణ'కి మళ్ళీ ఆయన డైరెక్టరు, ఆమె దేవదేవి. 1961లో 'బాటసారి'కీ అంతే. 1986లో ఆయన పోయేదాకా ఆ జంట జంటగానే ఉంది.

మా పిల్లకి ఈ కథంతా చెప్పాను. "చూశావా పిన్నీ, జరిగిందిగా!" అంది గెలిచినట్టు. జరిగింది తల్లీ. కానీ రామకృష్ణారావుగారు తార కోసం సెట్టుకి వెళ్ళలేదు. పనికోసం వెళ్ళారు. పని తెలిసిన మనిషి గనకే పెళ్ళి తరువాత భార్య కీర్తి చూసి కుంగిపోలేదు. తనకంటూ నిలబడే చోటు ఒకటుంది. చేతిలో పనిలేకుండా తార నీడలో నిలబడితే, ఆ నీడ చల్లగా ఉన్నంతకాలమే నీకు కాపురం.

అందుకని డిగ్రీ పూర్తిచేయమన్నాను. అప్పటికీ ఈ పనిమీదే ఇష్టముంటే, రాత్రి రెండింటికి కూడా గుండీలు లెక్కపెట్టే ఓపికుంటే, నా పక్కనే కుర్చీ వేయిస్తానన్నాను. ఇంకా జవాబు చెప్పలేదు. ఆలోచిస్తోందట!

మీలో ఎవరికైనా ఇలాంటి కలే ఉంటే కలగనండి, తప్పులేదు. హీరో మిమ్మల్ని చూస్తాడా అని మాత్రమే అడుక్కోకండి. అతను చూడకపోయినా రేపు పొద్దున ఆరింటికి ఆ సెట్టుకి వెళ్ళాలనిపిస్తుందా? అనిపిస్తే బయలుదేరండి. లేదూ, మ్యాట్నీ టిక్కెట్టు కొనుక్కోండి. హాయిగా చూసి ఇంటికి రావచ్చు!