తగిలితే చెప్పాలి... అంతే!

ఫ్లైట్ లేటయితే మనకు వినిపించే మాట ఒక్కటే: ‘టెక్నికల్ రీజన్స్’. ఆ మాట వెనకాల ఒక్కోసారి ఏముంటుందో నాకు మా పిన్ని కొడుకు వల్ల తెలిసింది. వాడు ఒక ఎయిర్‌పోర్టులో కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. లగేజీని విమానంలోకి ఎక్కించే బెల్ట్ లోడర్ నడుపుతాడు. ఇంట్లో అందరూ ‘విమానాల్లో ఉద్యోగం’ అని మురిసిపోతుంటే, వాడు మాత్రం ‘విమానం కింద ఉద్యోగం అక్కా’ అని నవ్వుతాడు.

ఆ కింద జరిగే పని అంతా ఇంతా కాదు. విమానం గేటు దగ్గర ఆగాక పొట్ట కింద మెరిసే ఎర్ర లైటు ఆరేదాకా ఎవరూ దగ్గరికెళ్లకూడదు. అది వెలుగుతోందంటే ఇంజిన్లు ఇంకా తిరుగుతుండొచ్చు. లైటు ఆరాక చక్రాలకు అడ్డు దిమ్మెలు పెడతారు. రెక్కల చివర, ఇంజిన్ల దగ్గర కోన్లు పెడతారు. అప్పుడు మొదలవుతుంది జాతర! లగేజీ బళ్లు, ఫుడ్ ట్రక్కు, ఆయిల్ ట్యాంకరు, టాయిలెట్ బండి... ప్రతి బండీ విమానాన్ని చేరేముందు కాస్త దూరంలో ఒకసారి ఆగి, బ్రేకు చూసుకుని, ఆ తర్వాత మనిషి నడిచే వేగంతోనే దగ్గరికి రావాలి. రివర్స్ చేయాలంటే వెనకాల ఒకరు నిలబడి సైగ చేయాలి. లోడర్‌ని తలుపుకు ఆనించేయకూడదు. ఎందుకంటే మనుషులు, సామాను ఎక్కేకొద్దీ విమానం కొంచెం కిందకి దిగుతుంది.

‘అంత పెద్ద విమానానికి చిన్న రాపిడి ఒక లెక్కా?’ అని అడిగాను. లెక్కే. మనం ఎక్కువగా ఎక్కే చిన్న జెట్ విమానాల అల్యూమినియం తొడుగు చాలాచోట్ల ఒకటి, రెండు మిల్లీమీటర్ల మందమే. పైన ఎగిరేటప్పుడు లోపలి గాలి ఆ తొడుగును చదరపు మీటరుకు అయిదు టన్నులకు పైగా బరువుతో బయటికి తోస్తుంటుంది.

2005 డిసెంబరు 26న అమెరికాలోని సియాటిల్‌లో ఇదే జరిగింది. అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానాన్ని గేటు దగ్గర ఒక బండి రాసుకుంది. నడిపిన ఉద్యోగి ఎవరికీ చెప్పలేదు. సుమారు 140 మందితో విమానం పైకి లేచింది. 26,000 అడుగుల ఎత్తులో ఆ దెబ్బ తగిలిన చోట అడుగు పొడవున చిల్లు పడింది. లోపలి గాలి పీడనం పడిపోయింది, ఆక్సిజన్ మాస్కులు కిందకి వేలాడాయి. పైలట్లు గబగబా కిందకి దించి, సియాటిల్‌కే తిరిగి తెచ్చారు. అందరూ బతికారు. కింద ఉన్నప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే, మహా అయితే ఆ విమానం లేటయ్యేది.

మన దగ్గరా ప్రమాదాలు తక్కువేం కాదు. 2015 డిసెంబరులో హైదరాబాద్ రావాల్సిన ఎయిర్ ఇండియా విమానం ముంబయిలో బయల్దేరుతుండగా, దాని ఇంజిన్ ఒక టెక్నీషియన్‌ని లోపలికి లాగేసింది. అదే నెలలో కోల్‌కతాలో ఆగి ఉన్న విమానాన్ని బస్సు గుద్దింది. 2025 ఏప్రిల్‌లో బెంగళూరులో ఆగి ఉన్న ఇండిగో విమానాన్ని ఒక టెంపో ట్రావెలర్ ఢీకొట్టింది. ఇవన్నీ అందరికీ కనిపించాయి. కనిపించని దెబ్బల సంగతేంటి? బోయింగ్ 787 లాంటి కార్బన్ ఫైబర్ విమానాలకైతే పైన పెద్దగా ఆనవాలు లేకుండానే లోపలి పొరలు విడిపోవచ్చు. అప్పుడు ఆ సంగతి తెలిసేది ఒక్కరికే, బండి నడిపిన మనిషికి.

పోయిన వేసవిలో ఒక నైట్ షిఫ్టులో మా వాడి తోటి కుర్రాడి లోడర్ విమానానికి తగిలింది. వేలెడంత గీత పడింది. ‘ఎవరూ చూళ్లేదు, వదిలెయ్‌రా’ అన్నాడా అబ్బాయి. మా వాడు సూపర్‌వైజర్ దగ్గరికెళ్లి ‘అన్నా, తగిలింది’ అని చెప్పేశాడు. ఇంజినీర్లు వచ్చి చూశారు. పోయింది పెయింటే. ఫ్లైట్ మాత్రం రెండు గంటలు లేటయింది. ఆ అబ్బాయిని వారం రోజులు జీతం లేకుండా పక్కన పెట్టారు. అప్పట్నుంచి టీమ్‌లో మా వాడితో ఎవరూ సరిగ్గా మాట్లాడట్లేదు.

‘వాడికి బైక్ ఈఎంఐ ఉంది అక్కా. నేను చేసింది కరెక్టేనా?’ అని రాత్రి రెండింటికి ఫోన్ చేశాడు.

నాకు తెలిసిన భాషలోనే జవాబు చెప్పాను. ‘మా ఆఫీసులో సర్వర్ పడిపోతే మీటింగ్ పెడతారు. అక్కడ ‘ఎవరు చేశారు’ అని అడగరు, ‘ఎలా జరిగింది’ అనే అడుగుతారు. తప్పు చెప్పినవాణ్ని బయటికి పంపేస్తే, తర్వాతి వాడు సర్వర్ని కాదు, ముందు లాగ్స్‌ని శుభ్రం చేస్తాడు. నువ్వు చేసింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. వాడి జీతం కోసింది నువ్వు కాదు, మీ కంపెనీ. తప్పు అక్కడుంది.’

వాడు కాసేపు మాట్లాడలేదు. ‘మీకు ఏసీ రూముల్లో మీటింగులు అక్కా. మాకు నలభై నిమిషాల్లో విమానం వెళ్లిపోవాలి’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

విమానం దగ్గరికి రాగానే వాటంతటవే నెమ్మదించే సెన్సర్ లోడర్లు వచ్చాయి. ఇప్పటి తీరు మారకపోతే నేల మీద విమానాలకు జరిగే నష్టం 2035 నాటికి ఏడాదికి సుమారు 1,000 కోట్ల డాలర్లకు చేరొచ్చని విమానయాన సంస్థల సంఘం ఐఏటీఏ 2022లోనే హెచ్చరించింది. సెన్సర్లు కొనాల్సిందే. కానీ నిజం చెప్పిన కుర్రాడి వారం జీతం ఆపకుండా ఉండటానికి డాలర్లు అక్కర్లేదు.

మా వాడు ఇంకా అదే షిఫ్టులో ఉన్నాడు. మళ్లీ తగిలితే మళ్లీ చెప్తానంటున్నాడు. మనం చేయగలిగింది కూడా ఒకటుంది. విండో సీటులో కూర్చున్నప్పుడు ఏదైనా బండి విమానానికి తగిలినట్టు కనిపిస్తే, ఫోన్ తీసేముందు తల మీదున్న కాల్ బటన్ నొక్కి సిబ్బందికి చెప్పండి. లేటయితే కానివ్వండి.