పితామహి పుట్టినయూరు

గడచిన యాదివారము మా కుమార్తెతో ఆబిడ్సు కాలిబాటమీద పాతపుస్తకముల రాసులు వెదకుచుండగా, ఆమె "నాన్నగారూ, ఆబిడ్ అంటే ఎవరు?" అని యడిగెను. ఆరవ నిజామగు మహబూబ్ అలీ ఖానుగారి యంతరంగ సేవకుడై, ఇచ్చట అంగడి నడపిన ఆల్బర్టు ఆబిడ్ పేరనే యీ పేట వెలసినదని చెప్పితిమి. "ఆయన భార్య పేరేమిటి?" అని మరల ప్రశ్న. ఉపాధ్యాయులమయ్యును మౌనము వహించితిమి.

వీథులకు పురుషుల పేర్లు నిలుచును. ఇంటిలోని స్త్రీ యెవరో యడుగువారుండరు. అచ్చటికి సమీపముననే కోఠీలో, 1798లో రెసిడెంటైన జేమ్సు అఖిలీసు కిర్క్‌పాట్రిక్కు దొర కట్టింప మొదలిడిన భవనమున్నది. నేడది మహిళా విశ్వవిద్యాలయమునకు చెందినది. ఆ దొర కథ బాలికకు చెప్పితిమి. ఆయన వ్రాసిన జాబులు కుంపిణీ దఫ్తరములయందు పదిలముగా నున్నవి. ఆయన పెండ్లాడిన ఖైరున్నీసా బేగము సంగతి యేమి? 1805లో నాలుగేండ్ల కుమారుని, మూడేండ్ల కూతును సీమ కోడ నెక్కించిరి. ఆ యేడే దొర కలకత్తాలో మరణించెను. తల్లి 1813లో కన్నుమూయువఱకు బిడ్డలను మరల చూడలేదు. సీమలో వారికి క్రొత్తపేర్లు పెట్టిరి. సాహెబ్ బేగము కేథరిన్ అయ్యెను. తండ్రివైపు వంశవృక్షము పెరిగినది. తల్లివైపు కొమ్మ విఱిగినది.

దానిని మరల నతికించినది పండితుడు గాడు, ఒక ముదుసలి. అమ్మమ్మయగు షరఫున్నీసా హైదరాబాదున బ్రతికియున్నదని సుమారు 1841లో కేథరిన్‌కు తెలిసెను. అప్పటికామె నలువదేండ్లకు సమీపించిన గృహిణి. ఆమె జాబు వ్రాసెను. అమ్మమ్మ పారసీకమున వ్రాయించి బదులిచ్చెను. 1847లో వృద్ధురాలు గతించువఱకు ఉత్తరములు నడచినవి. ఒకరినొకరు మరల చూడనేలేదు. ఇంకొక యాఱేండ్లు జాగైనచో, ఆ తల్లిని గూర్చి కూతునకు చెప్పుటకు ఆ యమ్మమ్మయు లేకపోయెడిది.

కథ విని మా యమ్మాయి, "మరి మన ముత్తవ్వది ఏ ఊరు?" అనెను. తర్పణమునాడు మా పితామహి నామగోత్రములు తప్పక యుచ్చరింతుము. ఆ గోత్రమును మాదే, పుట్టింటిది గాదు. ఆమె పుట్టినయూరు మే మెఱుగము. మిక్కిలి సిగ్గుపడితిమి.

నాంపల్లిలో మా మేనత్త కలదు; ఎనుబదియేండ్లు దాటినది. పుస్తకములు కొనుట మాని తిన్నగా నచ్చటికే పోతిమి. ప్రశ్న విని యామె చాలసేపు మా మొగమువంక చూచెను.

"ఇన్నేండ్లకు అడిగినవురా! మా అమ్మది మెదకు దిక్కు. ఊరిపేరు నాలుకమీదనే ఉన్నది, వస్తలేదు. అన్నలు చదువుకుంటుంటే తలుపుచాటున కూసోని అక్షరాలు నేర్చుకున్నది. అత్తగారింట్ల ఎవ్వరికీ తెల్వనియ్యలేదు. నాకు మాత్రం నేర్పింది."

ముప్పదియేండ్ల క్రిందట మే మడిగియున్నచో ఆ యూరిపేరును వచ్చియుండెడిది. చదువరులారా, మీ యింట నిట్టి పెద్దయామె యున్నచో, శుభదినముకొఱకు వేచియుండక నేడే యడుగుడు.

అత్త మాటలను మా యమ్మాయి తన నోటుపుస్తకమున వ్రాసికొని, ఊరిపేరునకు కొంత చోటు విడిచినది. వచ్చు నాదివారము మరల పోవలెను.