సోమరితనము కాదు

మా యక్కకు రెండవ కాన్పున రక్తము మిక్కిలి పోయెను. బిడ్డకు పాలు పడలేదు. ముట్టు మరల రాలేదు. పిదప నీరసము, పొట్టచుట్టును క్రొవ్వు. సోమరియని నేనును నిందించితిని.

పదేండ్లకు వైద్యులు దీనిని షీహాన్ వ్యాధి యనిరి. మెదడు క్రింది పీయూషగ్రంథి నాఁడే రక్తము చాలక చెడినదట. కార్టిసాలు, థైరాయిడు మందుల పిమ్మట ప్రతిరాత్రియు గ్రోత్ హార్మోను సూది మొదలిడిరి. ఎదిగినవారికిది యేలయని యడిగితిని. ఎత్తునకే కాదు, క్రొవ్వు కరగుటకును కండ నిలుచుటకును నది కావలయునట. 1989లో వెలువడిన పరీక్షలు పెద్దలయందు దీనిని చూపినవట.

మొదట పాదములు వాచెను, పరగడుపు చక్కెర కొంచెము హెచ్చెను, మోతాదు తగ్గించిరి. ఏడాదికి బరువు మాఱకున్నను పొట్ట తగ్గి కండ పెరిగెను. నేఁడు నీళ్ళబిందె తానే యెత్తుచున్నది. నా నిందయే నన్నింకను బాధించుచున్నది.

కాన్పున రక్తము పోయి, పాలు పడక నీరసించు బాలింతను సోమరి యనకుఁడు, వైద్యునికిఁ జూపుఁడు.