కొసరు

ఆకుకూరల గంప దించిన అవ్వ, బేరము ముగిసిన పిదప అడుగకయే నాలుగు కరివేపాకు రెమ్మలు మన చేటలో వేయును. దాని వెల యెంత? ఐనను మఱునాడు ఆమె కేకకే చెవి యొగ్గుదుము. 1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారును సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిపెట్టించిరని ప్రసిద్ధి.

ఈ సంగతి మాకు ఆలస్యముగా తెలిసినది. 2020వ సంవత్సరమున ఇంటి మగవారి జీతములు నిలిచిపోగా, మేమును మా చిన్న తోడికోడలును ఆవకాయ పెట్టి వీథివారికి అమ్మజొచ్చితిమి. మొదటి వారముననే ఒక యిల్లాలు, "నూనె లేదు, పైనంతయు పొడిపిండి" యని జాడీ తిప్పి పంపినది. ఆ రాత్రి మాకు అన్నము సహింపలేదు. విచారింపగా, ఆమె మూడవనాడు తిరుగగలుపనే లేదు! ఉప్పునకు ముక్కలు ఊట విడిచి పిండి నానిన పిదప, అడుగు నుండి కలిపి, చాలనిచో నూనె పోయవలెనని మాకు పుట్టింట నేర్పిరి. అందఱికిని నేర్పియుందురని తలంచుట మాదే తప్పు.

అది మొదలు ప్రతి జాడీకిని చీటి కట్టితిమి: పెట్టిన తేది, కలుపవలసిన దినము, తడి గరిటె తగులరాదను మాట. వెంట చిన్న సీసాతో నువ్వులనూనె.

"లాభమంతయు సీసాలలోనే పోవుచున్నది, అక్కయ్యా!" యని తోడికోడలు సణిగెడిది. ఆమె లెక్కయు తప్పు కాదు. ఆ వేసవి మాకు మిగిలినది స్వల్పమే.

మఱుసటి యేడు ఆ యిల్లాలే మాగాయకై జాడీ కడిగి, యెండబెట్టి పంపినది. మూత తీయగా లోపల వారి పెరటి యెండుమిరపకాయలు గుప్పెడుండెను.